సముద్రపు గాలపుకర్రను ఎన్నుకొను విధానము

నెల్లూరులో నివసిస్తూ సరదాకు చేపలు పట్టదలచిన వ్యక్తికి సముద్రం మైపాడు దగ్గర, గంటలోపు ప్రయాణంలోనే ఉంటుంది. కాని గాలపుకర్రను ఎన్నుకోకుండా సముద్రం దగ్గరకు వెళ్లడం అనుచితమని ఆ వ్యక్తి భావిస్తాడు గనుక, ఇంటికీ సముద్రానికీ మధ్య దూరం నెలలతో కొలవదగినదిగా మారుతుంది. కర్రను, దారం చుట్టిపెట్టే రీలును ఒకదానికొకటి సరిపోయేలా జతచేయడాన్ని వ్యాపార పరిభాషలో ‘కాంబో’ అంటారు. ఈ ఎంపిక ఎంత దీర్ఘంగా సాగితే అంత శ్రేష్ఠమని సాధకులు తమ ఆచరణ ద్వారా చాటుతున్నారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం అమలులో ఉండే 61 రోజులు ఇందుకు ప్రశస్తమైనవి; ఆ నిషేధం మరపడవలను ఉద్దేశించినదే గాని ఒడ్డున నిలబడి గాలం విసిరేవారిని ఉద్దేశించినది కాదన్న సంగతిని ఎవరూ గుర్తుచేయకుండా చూసుకోవాలి.

మొదట ఏ చేప కోసం కర్ర కొంటున్నారో నిర్ణయించుకోవలసి ఉంటుంది. మైపాడు, తుమ్మలపెంట, కొత్తకోడూరు వంటి ఇసుక తీరాల్లో ఒడ్డు నుంచి వేసిన గాలానికి సాధారణంగా జెల్లలు, చిన్న పారలు తగులుతాయి. అందుచేత అండమాన్ దీవుల వీడియోలలో కనిపించే, మనిషి నడుమంత పొడవుండే పార చేపను దృష్టిలో ఉంచుకొని కర్రను ఎన్నుకోవాలి. ఒడ్డుకు రాని వంజరాన్ని కూడా జాబితాలో చేర్చడం మర్యాద.

కర్ర పొడవు విషయంలో శాస్త్రం స్పష్టంగానే ఉంది. అలలు విరిగే వరసను దాటించి ఎరను విసరాలంటే పొడవైన కర్ర కావాలి గనుక పది నుంచి పన్నెండు అడుగులది తీసుకోమంటారు, కొనేవాడు పన్నెండే తీసుకుంటాడు. ఒడ్డుకూ, ఆవల నీటి కింద ఉండే ఇసుకదిబ్బకూ నడుమ ఒక పల్లం ఉంటుందనీ, అలల తాకిడికి ఇసుకలోంచి పైకి లేచే పురుగులనూ చిన్న పీతలనూ తినడానికి చేపలు ఆ పల్లంలోకే వస్తాయనీ తెలిసినవారు, అంత శ్రమపడి విసిరిన గాలం చాలాసార్లు చేపల తలల మీదుగా వాటి వెనక్కు వెళ్లి పడుతున్నదని గ్రహిస్తారు. అయితే దూరం ఫోటోలో బాగుంటుంది.

రీలును గురించి విస్తరించి చెప్పక తప్పదు, ఎందుకంటే అంకెల మీద ప్రీతి గలవారికి ఇంతటి ఆటస్థలం మరొకటి లేదు. రీలు మీద 4000, 5000, 6000 వంటి సంఖ్యలు ఉంటాయి. అవి దారం చుట్టే ఉండ పరిమాణాన్ని సూచిస్తాయి గాని, అన్ని కంపెనీలకూ ఒకే కొలమానం లేదు, కాబట్టి రెండు కంపెనీల 5000లను పోల్చే పనికి అంతం కూడా లేదు. 5.2:1 వంటి నిష్పత్తి, పిడిని ఒకసారి తిప్పితే దారాన్ని చుట్టే భాగం అయిదు చుట్లకు పైగా తిరుగుతుందని చెబుతుంది. బేరింగులు, అంటే ఇరుసులు సాఫీగా తిరగడానికి అమర్చిన ఉక్కు గుండ్ల వలయాలు, ఎన్ని ఉంటే రీలు అంత గొప్పదని ప్రకటనలు అంటాయి. ఉప్పునీటి దగ్గర ప్రతి అదనపు బేరింగు తుప్పు పట్టడానికి మరొక చోటు అన్న మాట వాటిలో కనిపించదు. ఈ యంత్రపు మూలసూత్రం మాత్రం చాలా నిరాడంబరమైనది. ఇంగ్లండులో ఉన్ని మిల్లుల వ్యాపారి ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంటు పొందిన రీలులో ఉండ కదలదు, దారమే దాని కొస మీదుగా జారిపోతుంది. నాడెలోని కండె నుంచి నూలు ఎలా జారుతుందో ఎరిగిన వెంకటగిరి నేతకారుడికి దీన్ని వివరించే అవసరమే ఉండదు. దారం జారడానికి ఉండ తిరగనక్కరలేకపోవడం వల్లనే తేలికైన ఎరను సైతం దూరం విసరడం సాధ్యమైంది. ఆ తరువాతి శతాబ్దమంతా ఈ సూత్రం చుట్టూ అంకెలు పేర్చడంలో గడిచిందని అనవచ్చు.

అంకెల్లో ఘనమైనది డ్రాగ్. చేప లాగినప్పుడు దారం తెగిపోకుండా కొద్దికొద్దిగా వదిలే బ్రేకును డ్రాగ్ అంటారు. దాన్ని దారం బలంలో నాలుగో వంతుకో మూడో వంతుకో బిగించడం ఆనవాయితీ గనుక, ఎనిమిది కిలోల దారానికి రెండు రెండున్నర కిలోల డ్రాగ్ చాలు. అయినా పన్నెండు కిలోల డ్రాగ్ లేని రీలును ముట్టుకోరాదు. ఇస్కపల్లి వంటి పల్లెల్లో చెక్క ముక్కకు నైలాన్ దారం చుట్టుకొని చేతి గాలం వేసే పట్టపు జాలరులకు ఈ బ్రేకు రెండు వేళ్ల మధ్య ఉంటుంది, దానికి మోడల్ నంబరు లేదు. అందుకే కాంబో విషయమై ఆ పల్లెల్లోని పెద్దలను సంప్రదించరాదు. ఏ గాలికి, ఏ పోటుకు ఏ చేప ఒడ్డుకు వస్తుందో చెబుతారే గాని, వారు కంపెనీ పేరు చెప్పరు.

కార్బన్ కర్ర విద్యుత్తును ప్రవహింపజేస్తుంది గనుక ఈశాన్య రుతుపవనాల మెరుపుల్లో దాన్ని ఎత్తి పట్టుకొని నిలబడరాదు. ఈ ఒక్క సూచనలో వ్యంగ్యం లేదు.

కాంబో ధరను పట్టిన చేపల సంఖ్యతో భాగించరాదు. సున్నాతో భాగహారాన్ని గణితం అనుమతించదు.

ఇక కడగడం గురించి. రీలు ఆయువును నిర్ణయించేది దాని ధర కాదు, తీరం నుంచి తిరిగివచ్చిన సాయంత్రం దాని మీద పోసే మంచినీరు. డ్రాగ్ బిగించి, పైపుతో గట్టిగా కొట్టకుండా మెల్లగా పోయాలి. వేగంగా కొట్టిన నీరు ఉప్పును లోపలికే నెడుతుంది. వారాల తరబడి సమీక్షలు చదివిన కళ్లకు ఆ సాయంత్రం నిద్ర ముంచుకొస్తుంది, రీలు సంచిలోనే ఉండిపోతుంది, తరువాతి ప్రయాణం నాటికి పిడి కరకరలాడుతుంది, దానితో ఇంకా మంచి రీలు అవసరమన్న నిర్ణయానికి తగిన ఆధారం లభిస్తుంది. రీలును కడగకుండా వదిలేసే ఈ వర్గంలో చేరనివారు బహు అరుదు. ఇటువంటి వ్యాసాలు రాసేవారు ఆ అరుదైనవారిలో ఉండరు. కాంబోను ఎన్నుకుంటున్నంత కాలం సముద్రంలోని ప్రతి చేపా పట్టుబడవలసినదే, ఏ గాలమూ ఖాళీగా తిరిగిరాదు, ఎండ తగలదు, ఎర పాడుకాదు. కర్ర చేతికి వచ్చిన మరునాడు ఈ ఇబ్బందులన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి గనుక ఎంపికను పొడిగించడంలో కొంత వివేకం లేకపోలేదు.

అంత ఓపిక లేనివారు పది అడుగుల రెండు ముక్కల కర్ర, 5000 రీలు, పదిమందీ వాడే సాదా నైలాన్ దారం, పదునైన కొక్కేలు తీసుకొని సరాసరి మైపాడుకు వెళ్లవచ్చు. ఆ జత ఎన్నో చేపలకు సరిపోతుంది. కాని అది పెన్నా సముద్రంలో కలిసే ఊటుకూరు వైపు గాని, కృష్ణపట్నం దగ్గర కండలేరు పాయలో పండుగప్ప కోసం గాని వాడదగినంత పొట్టిది కాదని త్వరలోనే తేలుతుంది. అప్పుడు ఏడడుగుల కర్ర కావలసివస్తుంది. దానికి 3000 రీలు తగినదా, 4000 తగినదా అన్న విషయంలో పండితుల మధ్య ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.