ఋణవిమోచన వ్రతమాహాత్మ్యము

ఏడుకొండల దేవుడు అప్పులవాడు. ఈ మాట భక్తులు నిందగా అనరు, మురిపెముగా అందురు. నారాయణవనపు ఆకాశరాజు కూతురు పద్మావతిని పెండ్లాడుటకై కుబేరునివద్ద ధనము పుచ్చుకొని, బ్రహ్మను, శివుని, ఒక రావిచెట్టును సాక్షులుగా నిలిపి పత్రము వ్రాసియిచ్చి, అసలు కలియుగాంతమున గాని తీర్పనని, అందాక వడ్డీ మాత్రము చెల్లింతునని ఒడంబడిన ఆ స్వామి, ఒక్క పెండ్లికై చేసిన అప్పు తీరకమునుపే ప్రతిదినమును కల్యాణోత్సవము జరిపించుకొనుచు, వడ్డికాసులవాడను బిరుదుతో నిశ్చింతగా నిలిచియున్నాడు. కొండక్రింద ఆయన అన్నగారు గోవిందరాజస్వామి, తమ్ముని రాబడిని కుంచముతో కొలిచి కొలిచి అలసి, ఆ కుంచమునే తలగడగా చేసికొని పవళించినాడని ఊరివారు చెప్పుకొందురు. అప్పు చేసినవాడు మేల్కొనియుండుటయు, లెక్కలు చూచువాడు నిద్రించుటయు తిరుపతిక్షేత్రమున సనాతనముగా వచ్చుచున్న యేర్పాటు.

అట్టి క్షేత్రమున ఇటీవల ఒక క్రొత్త మతము ప్రబలినది. ఇరువదియేండ్ల గడువుతో ఇంటి అప్పు తెచ్చినవాడు దానిని ఏడేండ్లలో తీర్చివేయవలెననియు, అట్లు తీర్పలేనివాడు సోమరియో, భోగలాలసుడో, కూడికలు తీసివేతలు రానివాడో అయియుండుననియు ఈ మతప్రవక్తలు సెల్‌ఫోను తెరలపైనుండియు, ఆదివారపు సభలలోను ఉపదేశించుచున్నారు. ప్రతి పైసకును పద్దు వ్రాయవలెను, ఏడాదికొక కంతు అదనముగా కట్టవలెను, కాఫీ మానవలెను. ఏమి పూర్వజన్మవైరమో గాని ఈ ప్రవక్తలందరికిని కాఫీమీదనే కక్ష. జీతము చాలదని గాని, యాత్రికుల తాకిడిచే నానాటికి కొండెక్కుచున్న అంకణము ధర సామాన్యునికి అందదని గాని, వడ్డీ హెచ్చని గాని వారి సభలో ఎవ్వడును నోరెత్తడు. ఎత్తినచో అది సాకు. లోపమంతయు అప్పు తీసికొన్నవాని నాలుకయందే కలదు.

ఒక వ్రతస్థుని కల్పించుకొందము. బైరాగిపట్టెడలో చిరకాలము అద్దెకుండి, మంగళమువైపు ఒక అపార్టుమెంటులో రెండు పడకగదుల యిల్లు కొన్న గుమాస్తా అనుకొనుడు. అతనిచేతిలో నీలిరంగు అట్టగల పద్దుపుస్తకము; అందు ఎడమప్రక్క "అవసరము", కుడిప్రక్క "దుబారా". తల్లి వాడు రక్తపోటు మాత్రలు మొదట ఎడమప్రక్కనే యుండెను. మూడవ నెలలో వానిచెంత ఒక ప్రశ్నార్థకము వెలసినది. కూతురి సంగీతపు ఫీజు కుడిప్రక్కకు తరలిపోయినది. శుక్రవారమునాడు ఇల్లాలు తిరుచానూరు అమ్మవారి గుడికి పోవు ఆటో బాడుగ "బస్సు కలదు" అను వ్యాఖ్యతో కొట్టివేయబడినది. దుబారా పట్టికకు శిరోభూషణముగా, ఎఱ్ఱసిరాతో, క్రింద రెండు గీతలతో నున్న పద్దు మాత్రము కాఫీ: గాంధీరోడ్డు ప్రక్కసందులోని హోటలులో ఉదయము ఏడుగంటలకు నిలువుకాళ్ళపై త్రాగు ఒక గ్లాసు, 15 రూపాయలు.

మాట తప్పుదునేమో యను భయమున ఆ గుమాస్తా చిత్తూరుదాక పోయి, కాణిపాకము వరసిద్ధి వినాయకుని యెదుట ఒట్టు పెట్టుకొనెను. ఆ గుడిలో ప్రమాణము చేసి తప్పుటకు ఈ సీమలో ఎంతటి గడుసువాడును జంకును. పొలము గట్టు తగాదాలును, ఎగవేసిన బాకీలును తేలిన ఆ సన్నిధిలో ఇప్పుడు 15 రూపాయల కాఫీ కూడ వ్యాజ్యమునకు వచ్చినది. వారము తిరుగకముందే హోటలు యజమాని దారిలో ఎదురై, "ఏమప్పా, కాఫీ తాగేదానికి రావడమే మానేస్తివి? బ్యాంకోళ్లు నీ నోరు గూడా జప్తు చేసినారా?" అని అడిగెను. వ్రతస్థుడు జితేంద్రియునివలె మందహాసము చేసి, తన అప్పు ఏ సంవత్సరము ఏ నెలలో తీరునో చెప్పెను. "నేనడిగింది కాఫీ గురించప్పా" అని అతడు తన దారిన పోయెను.

ఈ తపస్సునకు ఫలమెంతయో ప్రవక్తలు చెప్పరు గనుక మనమే లెక్కింతము. 30 లక్షల ఋణము, 8.5 శాతము వడ్డీ, 240 నెలల గడువు. కంతు 26,035 రూపాయలు. మొదటి నెల కట్టిన ఆ సొమ్ములో 21,250 వడ్డీక్రింద పోగా అసలునకు చేరునది 4,785 మాత్రమే. ఇది చూచి గుండె జల్లుమనుట సహజము, ఆ జల్లుమను క్షణముననే ప్రవక్త వచ్చి చేయి పట్టుకొనును. సరే, కాఫీసొమ్ము నెలకు 450 రూపాయలు క్రమము తప్పక అదనముగా కట్టినచో 240 నెలల అప్పు 230 నెలలలో తీరును. పందొమ్మిదేండ్లపైగా కాఫీ ముట్టనివానికి పదినెలల శిక్ష తగ్గినది. చెరసాలలో సత్ప్రవర్తన గల ఖైదీకి ఇంతకంటె ధారాళముగా తగ్గింతురు.

ఇక ఏడేండ్ల మాట. అంతలో తీర్పవలెనన్న నెలకు ఇంచుమించు 47,500 రూపాయలు కట్టవలయును. అనగా మామూలు కంతుపైన ప్రతినెలయు 21,000కు మించిన సొమ్ము ఎచ్చటనుండియో రావలయును. కాఫీ మానుటచేతనే అది సమకూరవలెనన్న, మన గుమాస్తాకు పూర్వము దినమునకు 48 గ్లాసుల కాఫీ త్రాగు అలవాటు ఉండియుండవలెను. అట్టి మహానుభావునికి ఇంటి అప్పుకంటె ముందుగా తీర్పవలసిన సమస్యలు వేరే కలవు. ఏడాదికొక కంతు అదనముగా కట్టువానికి మూడున్నరయేండ్లు కలిసివచ్చుననుట సత్యమే. కాని ఆ కంతు పుట్టునది బోనసునుండి, భార్య ఉద్యోగమునుండి, పల్లెలో అమ్మిన మామిడితోటనుండి. ఏడేండ్లలో అప్పు తీర్చి వేదికయెక్కి విజయగాథ వినిపించు పుణ్యపురుషులు తమ పద్దుపుస్తకము సభకు చూపుదురు. తోట అమ్మిన దస్తావేజు మాత్రము ఇంటనే మరచి వత్తురు.

వ్రతమునకు ఉద్యాపన యొకటి కలదు. చూడముచ్చటగా నుండునది అదియే. మార్చిలో చేతికందిన లక్షరూపాయలను మన గుమాస్తా బ్యాంకునకు మోసికొనిపోయి అసలుక్రింద జమచేయించి, రసీదునకు పసుపు బొట్టు పెట్టి పూజగదిలో నుంచెను. జూన్ వచ్చినది, బడులు తెరచిరి. పిల్లల ఫీజులకు, పుస్తకములకు, ఏకరూప దుస్తులకు చేత పైస లేదు. బ్యాంకులో కట్టినది అడిగిన మాత్రమున తిరిగి రాదు. అంతట ఎరిగినవానియొద్ద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై లక్ష చేబదులు తెచ్చెను. నూటికి రెండనగా రాయలసీమలో ఎవ్వరును ఉలిక్కిపడరు, ఒక్క రూపాయి ధర్మవడ్డీ, రెండు లోకాచారము. కాని ఏడాదికి చూచినచో అది 24 శాతము. బ్యాంకునకు ముందుగా కట్టిన లక్షపై ఏడాదికి మిగిలినది 8,500. చేబదులు లక్షపై ఏడాదికి పోవునది 24,000. ఈ లావాదేవీని పద్దుపుస్తకమున అతడు ఏ ప్రక్కను వ్రాయలేదు. చేబదులు ఇంటి అప్పు కాదు గదా. వ్రతకథలో దాని ప్రస్తావన లేదు.

ఆ చేబదులు తీర్చుటకు ఇల్లాలి గాజులు కుదువకొట్టునకు పోయినవి. కొండమీద నిలువుదోపిడి మ్రొక్కుకొన్నవారు తమ యొంటిమీది నగలు తామే యొలిచి హుండీలో వేయుదురు; ఈ వ్రతమున మాత్రము మ్రొక్కు మగనిది, దోపిడి ఆలిది. ఆమె ఒకనాటిరాత్రి అన్నము వడ్డించుచు, "ఏమండీ, ఇల్లు విడిపించేదానికని గాజులు కుదువ పెడితిరి. గాజులు విడిపించేదానికి ఏం పెడతారు?" అనెను. గణితమున ఇంతకంటె నిక్కమైన ప్రశ్న ఆ యింట అదివరకు ఎవ్వరును వేయలేదు. అతడు పుస్తకము తెరచి చూచెను. అందుకు గడి లేదు.

ఇంతకును మన గుమాస్తా కంతు తిరుపతిలో గాక ముంబయిలో నిర్ణయింపబడుచున్నదన్న సంగతి వ్రతకల్పమున కానరాదు. 2019 అక్టోబరు మొదలు బ్యాంకులు ఇచ్చు చరవడ్డీ గృహఋణములు బయటి కొలమానమునకు, బహుధా రిజర్వు బ్యాంకు రెపోరేటునకు, ముడిపడియున్నవి. 2022 మేనెలలో 4 శాతముననున్న ఆ రేటు 2023 ఫిబ్రవరికి 6.5 శాతమునకు చేరినది. అంతకు కొద్దిముందు 7 శాతమునకు 30 లక్షలు తెచ్చినవాని కంతు 23,259 రూపాయలు. ఆ రెండున్నర శాతమును యథాతథముగా నెత్తికెత్తినచో, అసలు తరుగని 30 లక్షలపై నెలవడ్డీయే 23,750. చదువరి ఈ రెండు అంకెలను మరల నొకసారి చూడవలెను: కంతంతయు వడ్డీకే చాలదు, అసలు తీరకపోగా పెరుగును. మన వ్రతస్థుడు కాఫీ మాని కూడబెట్టిన 450 ఆ లోటును పూడ్చుటకే సరిపోదు. శ్రీనివాసునకు కలియుగాంతమను గడువైనను కలదు. ఈ లెక్కన గుమాస్తాకు అదియును లేదు. చాలమంది విషయమున బ్యాంకులు కంతు మార్పక గడువును మాత్రము చడీచప్పుడు లేకుండ సాగదీసినవి. రేటు మారినపుడు కంతు పెంచుకొందువా, గడువు పెంచుకొందువా అని అప్పు తీసికొన్నవానిని అడుగవలెనని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో గాని ఆదేశింపలేదు. మరల 2025 ఫిబ్రవరి జూన్ నెలల నడుమ ఆ రేటు ఒక శాతము తగ్గినది. పెరిగినపుడును, తగ్గినపుడును గాంధీరోడ్డు కాఫీని ఎవ్వరును సంప్రతింపలేదు.

మన పెద్దలు అప్పును గూర్చి మరియొక విధముగా ఆలోచించిన కాలము కలదు. చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రములోనుండగా, 1938లో రాజాజీ మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము తెచ్చినది. పాత బాకీల విషయమున, అసలుక్రింద గాని వడ్డీక్రింద గాని రైతు చెల్లించిన మొత్తము అసలునకు రెట్టింపైనచో అప్పు పూర్తిగా తీరినట్లే యని ఆ చట్టము శాసించెను. వడ్డీ అసలును మించరాదను ధర్మశాస్త్రనియమము మనువు నాటినుండియు కలదు గనుక ఇది సీమనుండి దిగుమతియైన విపరీతమేమియు గాదు. రైతు పెండ్లిండ్లకు దుబారా చేసి చెడుచున్నాడని దొరలును, షాహుకార్లును అప్పుడును ప్రవచించిరి. అయినను చట్టము వ్రాసినవారు రైతు ఎన్ని చుట్టలు కాల్చుచున్నాడని అడుగలేదు, పత్రములో వడ్డీ యెంతయని అడిగిరి.

ఆ సూత్రము మన గుమాస్తాకు వర్తించినచో ఏమగునో చూడుడు. 240 నెలలలో అతడు కట్టునది 62 లక్షల 48 వేలు; 231వ కంతుతో 60 లక్షలు దాటును, అప్పు రద్దగును. కాఫీ మానినవానికి విముక్తి 230వ నెలలో. పందొమ్మిదేండ్ల ఉపవాసమునకును, శాసనములోని ఒక్క వాక్యమునకును నడుమ తేడా నెలరోజులు, అదియు శాసనపు మార్గమున ఆరువేల తొమ్మిదివందల గ్లాసుల కాఫీ మిగులగా! నాటి చట్టము రైతుకేగాని గుమాస్తాకు కాదనియు, ఇరువదియేండ్లలో రూపాయి విలువ కరగుననియు, అట్లయిన బ్యాంకులు అప్పే యీయవనియు ఆర్థికవేత్తలు ఆక్షేపింతురు. ఆక్షేపింతురు గాక. ఆ చట్టమును మరల తెమ్మనుట నా యుద్దేశము కాదు. అడుగవలసిన ప్రశ్న ఎవరిని అడుగుచున్నామన్నదే నా పట్టుదల.

ముందుగా అప్పు తీర్చుట పాపమని నేననను. చరవడ్డీ గృహఋణమును ముందుగా కట్టినవానినుండి జరిమానా వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులను ఆదేశించినది. మొదటి సంవత్సరములలో కట్టిన ప్రతి రూపాయియు చివర కట్టినదానికంటె ఎక్కువ వడ్డీని మిగుల్చును. వేరు బాకీలు లేక, ఆసుపత్రికి, బడికి వలయు సొమ్ము వేరుగా నుంచుకొని, ఇంటిల్లిపాది ఇష్టముతో కట్టువాడు నిక్షేపముగా కట్టవచ్చును. అట్టివానికి ప్రవక్తతో పనిలేదు, నా వ్యాసముతోను పనిలేదు.

మిగిలినవారికి ఒక్క విన్నపము. తల్లి మాత్రలప్రక్క ప్రశ్నార్థకము పెట్టుటకు మునుపు, తెల్లకాగితమొకటి తీసికొని బ్యాంకునకు పొండు. క్రొత్తగా వచ్చువానికి ఎంత వడ్డీకి ఇచ్చుచున్నారో, మీవద్ద ఎంత పుచ్చుకొనుచున్నారో అడుగుడు. పాత ఖాతాదారుడు నోరు మెదపనంతకాలము హెచ్చువడ్డీయే కట్టుచుండుట ఆ లోకమున సర్వసాధారణము. తగ్గింపుడని వ్రాసి యిచ్చి, రేటు మార్చుటకు అడుగు కొద్దిపాటి రుసుము కట్టి, రసీదు పుచ్చుకొని రండు. 8.5 శాతము 8 శాతమై, మీరు మునుపటి కంతే కట్టుచుపోయినచో 30 లక్షల అప్పు 20 నెలలు ముందుగా తీరును. కాఫీ మానిన ఫలమునకు అది సరిగా రెట్టింపు.