ముడతలుంటేనే ఫొటో

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఈమధ్య ఫొటో దిగాలంటే కొన్ని అర్హతలు కావాలి. వయసు డెబ్బై దాటాలి. మొహాన ముడతలు లెక్కకు అందకూడదు. మగమనిషైతే తలపాగా, భుజాన గొంగడి, నోట్లో చుట్ట ఉండాలి. ఆడమనిషైతే చేతులకు పచ్చబొట్లు తప్పనిసరి. వెనక మట్టిగోడ ఉంటే మంచిది, ఆ గోడ పగిలి ఉంటే మరీ మంచిది. ఇంటికి కొత్తగా రంగు వేయించుకున్నవాళ్ళూ, జీన్స్ ప్యాంటు తొడుక్కున్నవాళ్ళూ, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న గొర్లకాపరులూ దయచేసి పక్కకు తప్పుకోవాలి. ఎందుకంటే ఆదివారం పొద్దున్నే హైదరాబాదు నుంచి కారేసుకొచ్చిన కళాకారుడి మెడలో ఉన్నది మామూలు కెమెరా కాదు, మీడియం ఫార్మాట్. అందులో రోలుకు పన్నెండే బొమ్మలు. జీన్స్ ప్యాంటు మీద ఒకటి తగలేసే స్థోమత ఆయనకు లేదు.

దేవరకొండ రోడ్డు మీద ఈ దృశ్యం ఎవరైనా చూడొచ్చు. కళాకారుడు కెమెరా పైమూత తెరిచి, తల వంచి లోపలికి చూస్తాడు. ఆ అద్దంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. తాత కుడికి జరిగితే బొమ్మ ఎడమకు పోతుంది. "కొంచెం ఇటు" అంటూ ఈయన చెయ్యి అటు చూపిస్తాడు. ముసలాయన పాపం అటోసారి ఇటోసారి జరుగుతాడు, ఈలోపు గొర్లు పక్క చేన్లో పడతాయి. ఆ తర్వాత కళాకారుడు జేబులోంచి ఇంకో పరికరం తీసి తాత గడ్డం కింద పెడతాడు.

"గిదేంది బిడ్డా, జెరం చూస్తున్నవా?"

"కాదు తాతా, వెలుతురు కొలుస్తున్నా."

"ఎండ మాడు పగిలేటట్టు కొడ్తుంటె ఇంక కొలుసుడేంది?"

ఈ ప్రశ్నకు ఫొటోగ్రఫీ శాస్త్రంలో జవాబు ఉంది. తాత మాత్రం దానికోసం ఆగడు, గొర్లను మళ్ళేయాలి.

రెండు వారాలకు ఆ బొమ్మ కళాకారుడి మిత్రబృందం ముందుకు వస్తుంది. ఇక చర్చ. ఏ లెన్సు? ఎనభై ఎంఎం. ఫిల్ము? పోర్ట్రా. కడిగింది ఎక్కడ? స్కాన్ చేసింది ఎవరు? అబ్బ, ఆ టోన్లు చూడు! ఆ గ్రెయిన్ చూడు! వెనక మట్టిగోడ ఎంత మెత్తగా కరిగిపోయిందో చూడు! డిజిటల్‌లో ఈ ఆత్మ రమ్మంటే వస్తుందా? ఒకాయన జర్మన్ లెన్సుకూ జపాన్ లెన్సుకూ తేడా మీద చిన్న ఉపన్యాసం ఇస్తాడు. ఇంకొకాయన తాత ఎడమ చెవి దగ్గర వెలుగు కాస్త ఎక్కువైందని బాధపడతాడు. ఇంతసేపట్లో తాత పేరు అడిగే నాథుడు ఉండడు. ఊరి పేరు మాత్రం అడుగుతారు. వచ్చే ఆదివారం వాళ్ళూ వెళ్ళాలి కదా.

ఈ ఆత్మ సంగతేమిటో కొంచెం చూద్దాం. ఈ కెమెరాల్లో వేసే 120 రోలును కోడాక్ కంపెనీ 1901లో తెచ్చింది, బ్రౌనీ అనే చవక డబ్బా కెమెరా కోసం. మన దేశంలో బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ త్రీ కూడా ఇదే రోలు తినేది. సెలవులకు వచ్చిన మేనమామలు పిల్లల్ని ఎండలో నిలబెట్టి క్లిక్కుమనిపించింది దాంతోనే. నల్లగొండ గడియారం సెంటర్ చుట్టుపక్కలా, పాలమూరు క్లాక్‌టవర్ దగ్గరా స్టూడియోల్లో యాషికా కెమెరాలు పొద్దస్తమానం పని చేసేవి. ఊటీలో హిందుస్తాన్ ఫొటో ఫిల్మ్స్ అనే సర్కారు ఫ్యాక్టరీ "ఇందు" పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము, పేపరు తయారుచేసేది. అప్పుడు ఎవరి నోటా ఆత్మ అనే మాట రాలేదు. "కొంచెం తెల్లగ వచ్చేటట్టు తియ్యి సారూ" అనే మాటే వచ్చేది.

ఆ స్టూడియో మనిషి పనితనాన్ని ఇప్పటి కళాకారుడు ఒక్క పూట చూసి ఉంటే బాగుండేది. రోలు అయిపోగానే చివర కాగితపు పట్టీని నాలుకతో తడిపి అంటించేవాడు. రాత్రి చీకటి గదిలో ఎర్రబల్బు కింద ప్రింట్లు కడిగేవాడు. హైపో వాసన చొక్కాలోంచి పోయేది కాదు. పొద్దున్నే టచింగ్ బల్ల ముందు కూర్చుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో నెగెటివ్ మీద ఒక్కొక్క మచ్చనే పూడ్చేవాడు. అమ్మవారు పోసిన మచ్చలున్న పెళ్ళికూతురి మొహం ఆ బల్ల మీద నున్నగా తేలేది. నెగెటివ్ పెద్దది కావడం వల్లే ఆ పెన్సిలుకు పని దొరికింది. నూటఇరవై రోలు అసలు గొప్పతనం అదీ. ఆయన మొహం మీది గీతలు చెరిపేవాడు, ఈయన గీతల కోసమే నూరు కిలోమీటర్లు వస్తాడు.

ఇంకో విద్య కూడా ఆయనకు తెలుసు. పెళ్ళిలో రోలుకు పన్నెండే కదా, బంధువులేమో రెండొందల మంది. అక్షింతలు వేసిన ప్రతివాడూ వధూవరుల పక్కన నిలబడి ఫొటో దింపమనేవాడు. స్టూడియో మనిషి ఎవరి మనసూ నొప్పించకుండా ఉత్త ఫ్లాషు కొట్టేవాడు. మెరుపు మెరిసేది, బాబాయి సంతోషంగా బువ్వకు పోయేవాడు, ఫిల్ము మాత్రం కదిలేది కాదు. ఆల్బమ్ వచ్చాక బాబాయి తన మొహం వెతుక్కుంటే "మీరు కండ్లు మూసిండ్రు, బాగరాలే" అనే జవాబు సిద్ధంగా ఉండేది. ఉత్త ఫ్లాషు మోసమే, కాదనను. కానీ ఆ మోసంలో కూడా ఎదుటివాడికి ఫొటో అంటే ఆశ ఉంటుందనే ఎరుక ఉంది.

ఇప్పుడు మిత్రబృందం వాదనకు వద్దాం. మీడియం ఫార్మాట్ వివరం వేరు అంటారు. నిజమే. చిన్న ఫిల్ము ఫ్రేము 24 మిల్లీమీటర్లకు 36, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. చతురస్రపు నెగెటివ్ 56కు 56, అంటే 3,136. మూడున్నర రెట్లకు పైమాటే. ఇది పెద్ద సైజు ప్రింటు కొట్టించినప్పుడు కనిపించే తేడా. ఈ పెద్దమనుషులు ప్రింటే కొట్టించరు! ఫోన్లో పెట్టుకుని, వేళ్ళతో సాగదీసి చూసి, "వివరం చూశావా" అని మురిసిపోతారు. ఇక వీళ్ళలో డబ్బున్న శాఖ ఒకటుంది. వాళ్ళది డిజిటల్ మీడియం ఫార్మాట్. లక్షలు పోసి కొన్న ఆ ఫ్యూజీ కెమెరా సెన్సారు 44కు 33 మిల్లీమీటర్లు. గడియారం సెంటర్ స్టూడియో యాషికా నెగెటివ్‌లో సగం కూడా లేదు. అయినా పది కోట్లకు పైగా చుక్కలు పోగేస్తుంది. వాటిని ఇన్‌స్టాగ్రామ్‌లో ఎక్కిస్తే వెడల్పు 1080 చుక్కలకు కుదించుకుపోతుంది. నూరు పాళ్ళలో ఒక పాలు మిగిలింది, తొంభై తొమ్మిది పాళ్ళు దారిలో పోయాయి. మిగిలిన ఆ ఒక్క పాలులోనే వీళ్ళకు ఆత్మ కనిపిస్తుంది. ఈ దృష్టి మన డాక్టర్లకుంటే స్కానింగ్ సెంటర్లు మూసేయొచ్చు.

సైజే గొప్పనుకుంటే ఇంకా వెనక్కి పోదాం. పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ మీద వచ్చింది. ఆయన ఆస్థానంలో ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళ్ వాడినవి అద్దపు పలకలు. వాటి ముందు మీడియం ఫార్మాట్ పసిబిడ్డ. నిజాం ఆయనకు ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. దీన్ దయాళ్ ఆల్బములు కట్టి దర్బారుకు ఇచ్చేవాడు. నవాబుకు ఆల్బమ్ అందింది, పెళ్ళికూతురికి ప్రింటు అందింది. తాతకే ఏమీ అందడం లేదు.

చిత్రం చెక్కుచెదరని "పల్లె"గా ఉండటం కోసం ఏమేం పక్కకు తోస్తారో చూడండి. మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి ఉంది, మూడెకరాల మేర పరుచుకున్న మర్రి. 2017 చివర్లో దాని కొమ్మ విరిగిపడితే జనాన్ని రానివ్వడం ఆపేశారు. మరుసటేడు చెదలు పట్టిన కొమ్మలకు సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించారు. ఆసుపత్రి వార్డులా వందల సీసాలు వేలాడిన చెట్టు! లోకంలో ఇంకెక్కడ దొరుకుతుంది అలాంటి ఫొటో? మన కళాకారుడికి ఆ సీసాలు అడ్డం. ఆయనకు కావలసింది పొగమంచూ, ఊడలూ, కింద "కాలాతీతం" అనే ఒక్క మాట. చెదలు తిన్న చెట్టుకు ఆ మాట అన్యాయం.

చెట్టంటే నోరులేనిది, మనుషులకూ ఇదే గతి. మర్రిగూడ, మునుగోడు వైపు కూడా ఈ కెమెరాలు పోతున్నాయి. అక్కడి బావుల నీళ్ళలో ఫ్లోరైడ్ తరాల ఎముకల్ని వంచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దానికి లోకంలో ఉన్న పేరు నల్లగొండ టెక్నిక్. మా జిల్లా పేరు అలా పుస్తకాలకు ఎక్కింది. అలా ఫ్లోరైడ్ వంచేసిన శివన్నగూడెం అంశల స్వామిని 2003లో ఉద్యమకారులు ఢిల్లీ తీసుకెళ్ళి ప్రధాని వాజ్‌పేయి ముందు బల్ల మీద పడుకోబెట్టారు. ఫొటోలు చూపిస్తే చాలదనుకున్నారేమో, మనిషినే చూపించారు. స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు. అలా వంగిన కాళ్ళను ఫొటో తీయొద్దని ఎవరూ అనరు, తీసినవాళ్ళ వల్లే సంగతి ఊరు దాటింది. కానీ వంకర తిరిగిన మోకాళ్ళ బొమ్మ కింద లెన్సు పేరూ ఫిల్ము పేరూ రాసి, వాటి మీద నలుగురు కూర్చుని టోన్ల చర్చ పెట్టడానికి ఎలాంటి గుండె కావాలో నాకు తెలియదు. నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తని ఆ చర్చను కళ అనడానికి నాకు నోరు రాదు.

2022లో పోయిన వరంగల్లు ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ తెలంగాణ గడపల్ని, బతుకమ్మల్ని, పనిచేసే ఆడవాళ్ళను ఏళ్ళ తరబడి తీశాడు. ఆ బొమ్మలు చూస్తే ఏ కెమెరా అని అడగాలని తోచదు. ఆమె ఎవరు, ఆ ఇల్లు ఎక్కడ అని తోస్తుంది. నాకు తెలిసిన కొలత అదొక్కటే, దాన్ని గడ్డం కింద పెట్టి చూడాల్సిన అవసరం లేదు.

ఇక అసలు సంగతి. పల్లెలో ముసలివాళ్ళు పోతే దినాలనాటికి గోడకు పెట్టడానికి ఫొటో కావాలి. చాలా ఇళ్ళలో అప్పుడు వెతికితే దొరికేది ఆధార్ కార్డు. కళ్ళు పెద్దవి చేసి, దొంగతనం ఒప్పుకున్నట్టు కనిపించే ఆ మొహాన్నే స్టూడియోకు తీసుకెళ్తారు. అక్కడి కుర్రాడు దాన్ని పెద్దది చేసి, బతికుండగా ఎన్నడూ తొడగని కోటు తొడిగి, వెనక నీలిరంగు పోసి ఇస్తాడు. దానికి దండ వేస్తారు. సరిగ్గా అదే సమయానికి ఆ తాత నిజమైన మొహం, సొంత తలపాగాతో, ఎండలో కళ్ళు చికిలించి నవ్వుతున్నది, 3,136 చదరపు మిల్లీమీటర్ల నెగెటివ్ మీద గచ్చిబౌలిలో ఎవరి అల్మారాలోనో పడి ఉంటుంది.

అయ్యా, రోలుకు వెయ్యి రూపాయలకు పైగా పెడుతున్నారు. పెట్రోలు, కడుగుడు, స్కానింగ్ ఖర్చులు వేరే. దాంతో పోలిస్తే ఒక ఎనిమిది బై పన్నెండు ప్రింటు ఖర్చు ఏపాటిది? ఈసారి ఫొటో తీసినప్పుడు తాత పేరు, ఇంటిపేరు, ఊరు, మండలం ఒక కాగితం మీద రాసుకోండి. ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి పోస్టులో పంపండి. టోన్ల మీద చర్చ ఆ తర్వాత ఎంతసేపైనా పెట్టుకోండి, మాకేం అభ్యంతరం లేదు.