ఓకే షాట్

కృష్ణానగర్‌లో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర్నుంచి ఇందిరానగర్ గణపతి కాంప్లెక్స్ దాకా, తెల్లవారుజామున షూటింగు వ్యాన్ల కోసం నిలబడే వాళ్లందరికీ అతను 'డ్రైవరన్న'. గుబురు మీసం, మెడలో తువ్వాలు, భుజాల దగ్గర వెలిసిన ఖాకీ చొక్కా. సినిమాలో లారీ ఉందంటే జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు ముందు అతనికే ఫోన్ చేసేవాడు. పారిపోయి వచ్చిన హీరోయిన్‌ను ఎక్కించుకున్న లారీ, విలన్ సరుకు దాటించిన లారీ, ఛేజింగులో అడ్డం వచ్చిన లారీ, అన్నిటి స్టీరింగ్ వెనకా ఇరవై ఏళ్లుగా అతనే.

లారీ నడపడం మాత్రం అతనికి రాదు. ఆ అవసరమూ పడలేదు. లారీని లోబెడ్ ట్రైలర్ మీదికి ఎక్కించి ఇంకో బండితో లాగుతారు. లేదంటే గ్రీన్ మ్యాట్ ముందు నిలబెట్టి, కింద నలుగురు చేరి కర్రలతో ఊపుతారు. లైట్లు మెరవకుండా ముందు అద్దం ఊడదీస్తారు. కెమెరా, లైట్‌మన్ కనబడతారని పక్క అద్దాలు మడిచేస్తారు. కాళ్లు ఫ్రేములోకి రావు. పై సగం మనిషి స్టీరింగును అటూ ఇటూ తిప్పుతూ, ఎడమవైపు కెమెరా ఉన్న దిక్కుకు చూస్తూ రెండు మాటలు చెబితే షాట్ ఓకే.

అతని సొంతూరు తణుకు దగ్గర పల్లె. 1990లో బాలకృష్ణ 'లారీ డ్రైవర్' విడుదలైనప్పుడు బడి ఎగ్గొట్టి చూసిన పిల్లాడు. వాళ్ల నాన్న తరానికి 1979 నాటి ఎన్టీఆర్ 'డ్రైవర్ రాముడు' ఎంతో, అతనికి ఆ సినిమా అంత. ఆ మోజుతోనే హైదరాబాదు రైలెక్కాడు.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. ఫిలింనగర్ మొత్తానికి తాళం పడింది. చిరంజీవి ఆధ్వర్యంలో మొదలైన కరోనా క్రైసిస్ ఛారిటీ సినీ కార్మికుల ఇళ్లకు సరుకులు పంపింది. ఆ బియ్యం సంచి అందుకున్న రోజు సాయంత్రం డ్రైవరన్న గుమ్మంలో కూర్చుని భార్యతో అన్నాడు:

"ఊరంతా ఆగిపోయినా లారీ ఆగలేదే. ఈ బియ్యం కూడా ఏదో లారీలోనే వచ్చుంటాయి. ఇరవై ఏళ్లు ఆ సీట్లో కూర్చున్నాను. నిజంగా నేర్చుకుంటే ఇంకెప్పుడూ ఎవరి ముందూ చేయి చాపక్కర్లేదు."

"నేర్చుకోండి, ఎవరొద్దన్నారు?" అంది ఆమె.

లారీ లైసెన్సు అనుకున్న మర్నాడే దొరికేది కాదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం నడపాలంటే ఇరవై ఏళ్లు నిండాలి. అంతకన్నా ముందు కారు లైసెన్సు చేతికి వచ్చి ఏడాది గడవాలి. అతను కారు నేర్చుకుని తేలిగ్గానే పాసయ్యాడు. ఆ ఏడాది గడిచేదాకా అవుట్‌డోర్ యూనిట్లో జనరేటర్ బండి తోలే ఒక పెద్దాయన దగ్గర క్లీనరుగా చేరాడు. నల్గొండ వైపు మనిషి. ముప్ఫై ఏళ్లు బొంబాయి రోడ్డు మీద తిరిగి వచ్చినవాడు. ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు.

ఏడాది నిండింది. లెర్నింగ్ లైసెన్సు వచ్చింది. ఎల్ బోర్డు కట్టి, పక్కన ఉస్తాద్‌ను కూర్చోబెట్టుకుని మొదటిసారి నిజమైన లారీ సీట్లో కూర్చున్నాడు. అక్కడ మొదలైంది అసలు కష్టం. కారులో బుద్ధిగా ఉన్న చేతులు లారీ స్టీరింగు తగలగానే వాటంతటవే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాయి. చూపు ఎడమకు లాగేసేది. కాళ్లు ఎక్కడున్నాయో గుర్తుండేది కాదు.

"తమ్మీ, నువ్వు బండిని తోల్తలేవు, ఎవరికో చూపిస్తున్నవ్" అన్నాడు ఉస్తాద్.

2022లో మొదటి పరీక్ష. వెనక్కి తీసి గీతల మధ్య నిలబెట్టమన్నారు. చేతులు ఊరుకోక స్టీరింగు అదనంగా తిప్పాయి. వెనక చక్రం గీత దాటింది. ఫెయిల్.

ఏడు రోజులు ఆగి రెండోసారి వెళ్లాడు. ఈసారి చేతులు బిగబట్టుకున్నాడు. మలుపు తిరిగేటప్పుడు ఎడమ అద్దం చూడలేదు. లారీ మలుపు తిరుగుతుంటే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. సందుల్లో మలుపు దగ్గర లారీ పక్కన నిలబడ్డ సైకిలు మనిషి నలిగిపోయేది అందుకే. పాతిన కమ్మీని వెనక చక్రం తొక్కేసింది. ఫెయిల్.

మూడోసారి ఎగువ మీద ఆపి మళ్లీ కదల్చమన్నారు. క్లచ్ ఎంత వదలాలో, బ్రేకు ఎప్పుడు తీయాలో కాళ్లకు తెలియాలి. బండి మూడు గజాలు వెనక్కి జారింది. ఫెయిల్.

మూడుసార్లూ తప్పితే చట్టం ప్రకారం అరవై రోజుల దాకా మళ్లీ పరీక్షకు రాకూడదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. తర్వాత చాలా రోజులు గణపతి కాంప్లెక్స్ వైపు వెళ్లలేదు. టీ బండి దగ్గర కుర్రాళ్లు ఎప్పటిలాగే ప్రేమగా 'డ్రైవరన్నా' అని పిలిస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

"ఏవండీ, మీరు పోలీసు వేషం కూడా వేశారు. దొంగను పట్టుకురమ్మని ఎవరైనా అడిగారా? డాక్టరు వేషం వేశారు. సూది వెయ్యమన్నారా? రానిది రాలేదని చెప్పారు ఆ పరీక్ష పెట్టినవాళ్లు. అందులో అవమానం ఏముంది?" అని భార్య అన్నం కలిపి ముందు పెట్టింది.

ఉస్తాద్ ఇంటికే వచ్చాడు. ఓదార్చలేదు.

"తమ్మీ, వచ్చినా ఫెయిల్ అయితే కాగితం పోతది. రాకుండ పాసయితే మనిషి పోతడు. నిన్ను ఫెయిల్ చేసినాయన నీకు దుశ్మన్ కాదు. రోడ్డు మీద నీకు ఎదురొచ్చే పిల్లగానికి వాడు మేనమామ. లే."

ఆ సంవత్సరం దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర ప్రభుత్వ నివేదిక లెక్క తేల్చింది. ఒక్క ఏడాదిలో ఓ మోస్తరు పట్టణం తుడిచిపెట్టుకుపోవడం అది. లైసెన్సు పరీక్షలో తప్పిన ప్రతి మనిషి వెనకా, దక్కిన ప్రాణం ఒకటి ఉండే ఉంటుంది. అందుకే ఆ పరీక్షలో తప్పడం సిగ్గుపడాల్సిన విషయం కానే కాదు. తప్పాక మళ్లీ నేర్చుకోకుండా దొడ్డిదారి వెతుక్కోవడమే సిగ్గుచేటు. డ్రైవరన్న ఆ దారి తొక్కలేదు.

ఆ అరవై రోజులూ ఉస్తాద్ మూడు పనులు చేయించాడు. స్టీరింగు మీద రెండు చోట్ల గుడ్డ పీలికలు కట్టి, అవసరం వస్తే తప్ప చేతులు అక్కణ్నుంచి కదలకూడదన్నాడు. అద్దాల్లో కనిపించేది పైకి చెప్పమన్నాడు: "ఎడమ, స్కూటరు. కుడి, ఖాళీ. ఎడమ, ముసలాయన, చేతిలో సంచి." ఇక కాళ్ల కోసం, రాత్రి పొద్దుపోయాక ఫిలింనగర్ ఎత్తు రోడ్లకు తీసుకెళ్లేవాడు. జూబ్లీహిల్స్ అంతా రాతిగుట్టల మీద వెలిసిందే కాబట్టి ఎగువలకు కొదవ లేదు. ఎగువ మధ్యలో బండి ఆపించి, తాము తెచ్చుకున్న టిఫిన్ క్యారేజీని వెనక చక్రానికి జానెడు దూరంలో పెట్టేవాడు.

"వెనక్కి జారితే ఇద్దరం పస్తులే."

మొదట్లో రెండు రాత్రులు నిజంగానే పస్తున్నారు. క్యారేజీ సొట్టలు పడింది. ఆ తర్వాత ఎప్పుడూ పడలేదు. ఎయిర్ ప్రెషరు ముల్లు పైకి రాకుండా బండి కదల్చకూడదని, దిగువలో గేరు తీసేసి బండిని వదిలేయడం చావును పిలవడమేనని, అలసట వచ్చినప్పుడు ఆపి పడుకున్నవాడే అసలైన డ్రైవరని ఆ రాత్రుల్లోనే నేర్చుకున్నాడు.

నాలుగోసారి పరీక్షకు వెళ్లాడు. బండి దిగాక అధికారి అడిగాడట: "ఏంటయ్యా, లోపల ఎవరితో మాట్లాడుతున్నావు?"

"అద్దాలతోనండీ."

పాస్.

తర్వాత ఉస్తాద్ ఊరెళ్లిపోయాడు. జనరేటర్ బండి డ్రైవరన్నకు వచ్చింది. వేషాలు మానేశాడు. షూటింగు ఎక్కడున్నా తెల్లారేసరికి కరెంటు అక్కడుండేది. బండి మీద ఒక్క గీత పడలేదు. రోజుకూలీ బేటా టైముకు ఇంటికి చేరేది. గణపతి కాంప్లెక్స్ దగ్గర కుర్రాళ్లు పిలిస్తే ఇప్పుడు తలెత్తి "ఏరా" అనేవాడు.

ఓ డిసెంబరు రాత్రి ఫిలింనగర్‌లో, ఒక స్టూడియో వెనక రోడ్డు మీద షూటింగు. షాట్‌కు కావాల్సిన లారీని తనే తోలుకొచ్చి, లోబెడ్ ట్రైలర్ మీదికి ఎక్కించి దిగాడు. వేషం వెయ్యాల్సిన ఆర్టిస్టు రాలేదు. ప్రొడక్షన్ మేనేజరుకు పాత మనిషి గుర్తొచ్చాడు.

"డ్రైవరన్న ఉన్నాడుగా! ఇలాంటివి వందసార్లు వేశాడు. నిజం డ్రైవరు కూడా. ఇంకేం కావాలి?"

మీసం దువ్వుకుని ఎక్కి కూర్చున్నాడు. ముందు అద్దం లేదు. పక్క అద్దాలు మడిచేసి ఉన్నాయి. "బాబూ, అద్దాలు తెరవండి" అన్నాడు. లైట్లు పడతాయన్నారు. సరేనని బెల్టు పెట్టుకున్నాడు.

"యాక్షన్!"

చేతులు రెండూ పీలికలు కట్టిన చోట ఎలా ఉండేవో అలా నిలిచిపోయాయి. చూపు రోడ్డు మీద. మడిచేసిన అద్దాల వైపు ఒకసారి అటు, ఒకసారి ఇటు. పెదాలు కదులుతున్నాయి.

"కట్! ఎవరితో మాట్లాడుతున్నాడు ఈయన? బొమ్మలా కూర్చున్నాడేంటి? స్టీరింగ్ తిప్పాలి కదా!" అన్నాడు డైరెక్టరు.

"సార్, రోడ్డు తిన్నగా ఉందండి. తిప్పితే బండి పక్కకు పోతుంది."

"బండి ట్రైలర్ మీద ఉంది. మీరు తిప్పండి, ఏమీ కాదు. కెమెరా వైపు చూసి నవ్వండి."

రెండో టేకు. తిప్పుదామనే అనుకున్నాడు. చేతులు వినలేదు. కెమెరా వైపు చూద్దామనే అనుకున్నాడు. రోడ్డు మీంచి చూపు రాలేదు. మూడో టేకూ అంతే.

డైరెక్టరు మానిటర్ ముందు నుంచి లేచాడు. "కుదరట్లేదు. చూస్తే డ్రైవర్‌లా లేడు. డ్రైవింగ్ తెలిసిన ముఖం ఒకటి చూడండయ్యా."

లైట్ల దగ్గర పనిచేసే కుర్రాణ్ని పిలిచారు. ఇరవై దాటని వయసు. సైకిలు తప్ప ఏదీ తోలలేదని తనే చెప్పాడు. డ్రైవరన్న తన మెడలో తువ్వాలు తీసి వాడి మెడలో వేశాడు. "భయపడకు తమ్ముడూ, బండి కదలదు" అని బెల్టు తనే పెట్టాడు. వాడు స్టీరింగును అటు తిప్పి ఇటు తిప్పి, రోడ్డు వదిలేసి కెమెరా వైపు తిరిగి పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"ఓకే! సూపర్! మొదటి టేకులోనే! డ్రైవింగ్ అంటే అదీ!"

అందరూ చప్పట్లు కొట్టారు. డ్రైవరన్న కూడా కొట్టాడు.

షాట్ అయ్యాక లారీని ట్రైలర్ మీంచి వెనక్కి దించాలి. చీకటి, ఇరుకు రోడ్డు, అటుపక్క కేబుళ్లు, ఇటుపక్క కాఫీలు తాగుతున్న జనం. ఎవరూ పిలవకుండానే అతను ఎక్కాడు. మడిచిన అద్దాలు తెరిచి, పెదాలు కదుపుతూ, చక్రం ఒక్క అంగుళం అటూ ఇటూ పోకుండా నేలకు దించాడు. కాఫీ తాగుతున్నవాళ్లకు లారీ తమ వెనకనుంచి వెళ్లిందన్న సంగతే తెలియలేదు.

అసిస్టెంటు డైరెక్టరు బేటా వోచరు తెచ్చి సంతకం పెట్టించుకున్నాడు. మంచి కుర్రాడు. పెద్దాయన నొచ్చుకున్నాడేమోనని పక్కన నిలబడ్డాడు.

"ఏమనుకోకన్నా. డైరెక్టరుకు టెన్షన్ ఎక్కువ. జనవరి ఒకటికల్లా అన్ని థియేటర్లలో పడాలి."

"పర్లేదు బాబూ. ఏం సినిమా ఇది?"

"సినిమా కాదన్నా, యాడ్. రోడ్డు భద్రతా మాసానికి. ఇప్పుడు ఓకే అయిన ఆ కుర్రాడి షాట్ మీదే చివర్లో అక్షరాలు పడతాయి: 'మీరూ ఇలాగే నడపండి.'"