బళ్ళకు ఏజీఎంలు లేని రోజులు

బళ్ళకు కూడా ఏజీఎంలు ఉంటారని మొన్నటిదాకా నాకు తెలియదు. బ్యాంకులకుంటారు, సిమెంటు కంపెనీలకుంటారు. మనవణ్ణి సిటీలో ఓ కార్పొరేట్ రెసిడెన్షియల్ స్కూల్లో వేశారు. చూడ్డానికి వెళ్తే రిసెప్షన్లో అమ్మాయి "ఏజీఎం గారి పర్మిషన్ కావాలి అంకుల్" అంది. ఆయన కింద డీను, డీను కింద ప్రిన్సిపాలు, ఆ కింద ఫ్లోర్ ఇన్‌చార్జి, వార్డెను, కేర్‌టేకరు. ఇంత బలగముండి, మావాడి కుడి మణికట్టు ఎందుకు వాచిందంటే చెప్పగలిగినవాడు ఒక్కడు లేడు. పగటిపూట తన డ్యూటీ కాదన్నాడు వార్డెను. "ఏ బ్యాచ్ అండీ?" అన్నాడు లెక్కల సారు. ఆటల సారు శనివారం వస్తాడట. వచ్చి ఏం చేస్తాడో మరి, అక్కడ గ్రౌండంటే అయిదో అంతస్తు మీది డాబా, దాని చుట్టూ పావురాల వల.

"మా రోజుల్లో..." అన్నానో లేదో మా అమ్మాయి ఫోను తీసింది. అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను. కాగితం మధ్యలో లేచి పోదు.

1971లో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్గొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడాది రాయలసీమకు కొడిగెనహళ్ళి, కోస్తాకు తాడికొండ వచ్చాయి. మాది ఆ కాలపు గురుకులమే. ఎక్కడిదో చెప్పను, చెబితే మిగతావాళ్ళు మా సారే గొప్ప అంటూ తగువుకొస్తారు. ఊళ్ళో చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలు ప్రవేశ పరీక్ష రాసి, రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని దిగేవాళ్ళు. పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు పేపర్లో స్టేట్ ర్యాంకుల పక్కన ఈ బళ్ళ పేర్లుండేవి. దాని గురించి చాలామంది రాశారు, నేను రాయక్కర్లేదు.

మా సారు లెక్కలు చెప్పేవారు. సాయంత్రం వాలీబాల్ కోచ్. రాత్రి మా డార్మిటరీకి హౌస్ మాస్టరు. మూడు కొలువులు, ఒక్క జీతం. క్వార్టర్సు మా డార్మిటరీకి కూతవేటు దూరంలో. అమ్మగారు పోపు వేస్తే మాకు వాసనొచ్చేది, మేం అల్లరి చేస్తే ఆయనకు వినబడేది.

ఎనిమిదో తరగతివాళ్ళకు ఏటా ఓ పని అప్పగించేవారు. వానాకాలం వెళ్ళాక చెరిగిపోయిన కోర్టు మళ్ళీ గియ్యాలి. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. తాడు, నాలుగు మేకులు, బకెట్టుడు ముగ్గుపిండి ఇచ్చి తను చెట్టు కింద కూర్చునేవారు. ఇంతేనా అని గీసేవాళ్ళం. ఆయన ఓ కన్ను మూసి చూసి, "ఏరా, కోర్టు గీశారా, గాలిపటం గీశారా?" అనేవారు. మూలలు మట్టానికి రాలేదు. చెరిపి మళ్ళీ గీస్తే ఇంకో పక్కకు ఒరిగేది. ఎండలో మా నాలుకలు పిడచకట్టుకుపోయాక లేచొచ్చి, నెట్టుకు ఒక పక్కనున్న సగం కొలవమనేవారు. అది నాలుగు వైపులా 9 మీటర్లుండే చదరం. "ఈ మూల నుంచి ఆ మూలకు ఎంత రావాలి?" వేళ్ళ మీద లెక్కేసి, మట్టిలో పుల్లతో వర్గమూలం తీసి, 12 మీటర్ల 73 సెంటీమీటర్లని తేల్చేవాళ్ళం. రెండు కర్ణాలూ అంతకు అంతే వస్తే మూలలు మట్టంగా ఉన్నట్టు. పైథాగరస్ అనే పేరు మర్నాడు క్లాసులో చెప్పేవారు. అప్పటికి మాకు ఆయన ఎవరైనా ఒకటే, సంగతి మాత్రం మోకాళ్ళకు అంటిన ముగ్గుపిండితో సహా వచ్చేసేది. మా మనవడి పుస్తకంలో ఇదే సిద్ధాంతానికి రంగురంగుల బొమ్మలున్నాయి, మెటీరియల్ ఫీజు కూడా ఉంది. దీంతో ఏం కొలుస్తావురా అంటే, "మార్కులు తాతయ్యా" అన్నాడు. వాడి తప్పేం లేదు.

రాత్రి టార్చిలైటుతో ఓ చుట్టు తిరిగేవారు. మాలో ఒకడు పక్క తడిపేవాడు. వాణ్ణి అర్ధరాత్రి చప్పుడు కాకుండా లేపి, బయటికి తీసుకెళ్ళి తెచ్చి పడుకోబెట్టేవారట. 'ట' ఎందుకంటే, పక్క మంచంలో పడుకున్న నాకే తెలియలేదు. తలలు నెరిశాక వాడే చెప్పాడు. ఈ పని ఏ ఉద్యోగపు పట్టీలో రాసుంటుందో ఆ ఏజీఎం గారు చెప్పాలి.

బెత్తం సంగతి కూడా రావాలి కదా. నా ఈడువాళ్ళు ఇక్కడికి రాగానే కళ్ళు తుడుచుకుని, ఆ దెబ్బల వల్లే మనుషులమయ్యామంటారు. నేనొప్పుకోను. సారు కొట్టేవారు, అప్పుడప్పుడు అన్యాయంగానూ కొట్టేవారు. 2009 విద్యాహక్కు చట్టం బళ్ళో కొట్టడాన్ని నిషేధించింది, మంచిపని చేసింది. ఆ ఒక్క పద్దులో మా రోజులకు నేను ఓటెయ్యను. కొట్టిన చెయ్యి పోవాల్సిందే, దాంతో పాటు జ్వరమొస్తే నుదురు పట్టుకు చూసిన చెయ్యి కూడా ఎందుకు పోయిందన్నదే నా సణుగుడు.

సారుకు దేవుడు రహీం సాబ్. వాలీబాల్ కోచ్‌కు ఫుట్‌బాల్ కోచ్ దేవుడేమిటని అడిగితే, "ఆయనా బడిపంతులేరా" అనేవారు. నిజమే. హైదరాబాద్‌లో బడిపిల్లలకు పాఠాలు చెప్పిన సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలోనే మన జట్టు 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో తలకు కుట్లతో ఉన్న డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందుకు పంపి ఆడిస్తే, ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోలు కొట్టాడు. ఆ కథ సారు ఎన్నిసార్లు చెప్పారో. మరుసటి ఏడాదే రహీం సాబ్ కేన్సర్‌తో పోయారని చెప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గేది. మా మనవడికీ రహీం తెలుసు. 2024లో సినిమా వచ్చింది కదా, అజయ్ దేవగన్ అట.

నేను పొట్టివాణ్ణి. నెట్టు 2 మీటర్ల 43 సెంటీమీటర్లు, నేను ఎగిరినా దానికి దండం పెట్టినట్టే ఉండేది. ఆటకు పనికిరానని పొమ్మనలేదు సారు, స్కోరు రాయమన్నారు. అప్పట్లో సర్వీసు చేసే జట్టుకే పాయింటు, గేముకు 15. ఒక్క పాయింటు మీద సర్వీసు అటూ ఇటూ పది సార్లు మారేది, నా పెన్సిలు ఊరికే ఉండేది. 1990ల చివర్లో ఆ రూలు తీసేశారు. ఇప్పుడు ఎవరు సర్వీసు చేసినా, ఎవరు తప్పినా పాయింటే, 25కి గేము. ఆట పాడైపోయిందని రిటైరైన సారు దగ్గర వాపోయాను. ఆయన కొత్త రూల్‌బుక్ తెప్పించుకుని అప్పటికే గీతలు పెట్టుకుని చదివేశారు. "మంచిదేరా, టీవీవాళ్ళు భరిస్తారు. పైగా లిబెరో అని ఒకణ్ణి పెట్టారు చూడు, ఎగరక్కర్లేదు, వెనకాల బంతి లేపితే చాలు. నువ్వు తొందరపడి పుట్టావు" అన్నారు. పాత రోజుల గురించి ఆయన సణగడం నేనెన్నడూ వినలేదు. ఆ కొరత నేను తీరుస్తున్నాను.

సర్కారు గురుకులాల్లో ఇంకా ప్రాణముందని కూడా చెప్పాలి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి గుట్ట మీద వాళ్ళకు కొండలెక్కడం నేర్పిన శేఖర్ బాబు లాంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాకపోతే వాళ్ళకు బస్సుల మీద హోర్డింగులుండవు.

సారు కిందటేడు పోయారు. పాత విద్యార్థులం సంస్మరణ సభ పెట్టాం. ఫ్లెక్సీలో ఆయన బొమ్మకన్నా చందాదార్ల బొమ్మలు పెద్దవి. సరే, అది మన ఆచారం. ఆయన పేరిట ఏసీ ఆడిటోరియం కట్టాలని తీర్మానించారు, చప్పట్లు కొట్టారు. స్థలం ఎక్కడన్నాను. వాలీబాల్ కోర్టు ఖాళీగానే ఉంది కదా అన్నారు.

నా చందా ఇవ్వనని చెప్పాను. ఆ డబ్బుతో నెట్టు, నాలుగు బంతులు, తాడు, బస్తా ముగ్గుపిండి కొని నేనే తెచ్చిస్తానన్నాను. కోశాధికారి, మా జట్టులో ఒకప్పటి లిఫ్టరు, వస్తురూపంలో తీసుకుంటే రసీదు ఎలా రాయాలో కమిటీని అడిగి చెప్తానన్నాడు. ఇంకా అడుగుతూనే ఉన్నాడు.