పావురం పొట్ట, రికార్డులో బొమ్మ

పక్షి జీర్ణవ్యవస్థను నేర్పడానికి భారతీయ కళాశాలలు దశాబ్దాలపాటు నమ్ముకున్న పద్ధతి ఇది. గోపురం గూట్లోనో పాడుబావిలోనో బతికే పావురాన్ని పట్టించాలి. క్లోరోఫాంతో చంపి, ఈకలు పీకి, మైనపు ట్రేలో వెల్లకిలా పరిచి, రెక్కలకు గుండుసూదులు గుచ్చాలి. పొట్ట కోయాలి. ఆపైన పాఠ్యపుస్తకం తెరిచి, అందులోని బొమ్మను రికార్డులోకి ఎక్కించాలి. ట్రేలో ఉన్నదానికీ పుస్తకానికీ పొంతన కుదరకపోతే తప్పు పావురానిదే.

కోతలో ముందుగా కనిపించేది మెడ మొదట్లోని అన్నాశయం. తిన్న గింజలు ఇందులో నిలవుండి నానుతాయి. పిల్లలను సాకే రోజుల్లో ఆడదానికీ మగదానికీ 'పావురం పాలు' ఊరేది ఇక్కడే. అలాంటి రోజుల్లో పట్టుబడిన పక్షి గూట్లో పిల్లలేమయ్యాయన్నది సిలబస్‌లో లేదు. తర్వాత రసాలు ఊరే జఠరం. దాని కింద పుస్తకం 'అంతర జఠరం' అని గంభీరంగా పిలిచేది వంటింటి కందనకాయనే. చికెన్ షాపులో కత్తి పట్టినాయన దాన్ని నిలువునా చీల్చి, లోపలి ఇసుకరాళ్లు కడిగేసి, పచ్చటి పొరను గోటితో పట్టి ఒక్క లాగు లాగుతాడు. పళ్లులేని పక్షికి ఆ రాళ్లే తిరగలి. ఇంతకన్నా బాగా చూపించిన ల్యాబు అరుదు. చెయ్యి తిరగాలంటే కోయాల్సిందే అనేవారికి కూడా అక్కడ కావలసినంత పని దొరుకుతుంది. వైవా మార్కులు మాత్రం పడవు.

పావురానికి పిత్తాశయం ఉండదు. ఆ లేనిదాన్ని లేదని తేల్చడానికి బ్యాచీకో పక్షి ఖర్చు!

అసలు అరుగుదల ఎలా జరుగుతుందో చచ్చిన పేగు చెప్పదు. బతికిన పక్షి చెప్పింది. ఫ్రాన్స్‌లో రెయోమూర్ అనే శాస్త్రవేత్త 1752లో చిల్లుల లోహపు గొట్టంలో మాంసం పెట్టి, పెంపుడు వేటపక్షి చేత మింగించాడు. అరగనివాటిని కక్కేయడం దాని అలవాటు. గొట్టం బయటికొచ్చింది, మాంసం చాలావరకు కరిగిపోయింది. గొట్టంలో ఉన్నది నలిగే వీల్లేదు కనుక కరిగించింది జఠరరసమేనని తేలింది. మళ్లీ మింగించడానికి పక్షి బతికే ఉంది.

కోయందే చదువు రాదన్న వాదం ఆ తర్వాత కూడా రెండున్నర శతాబ్దాలు బతికింది. కోతలు తగ్గించుకుంటూ పొమ్మని యూజీసీ 2011లో మార్గదర్శకాలిచ్చింది, 2014లో పూర్తిగా మానేయమంది. బొమ్మను మాత్రం అప్పుడూ ఇప్పుడూ పుస్తకం చూసే గీస్తున్నారు.