బ్రాకెట్ ఆట

మా చిన్నప్పుడు వరంగల్‌లో బ్రాకెట్ ఆట జోరుగా సాగేది. చాయ్ బండి పక్కన చీటీ రాసేవాడు కూర్చునేవాడు. ఏదో ఒక రెండంకెల నంబరు చెప్పి రూపాయి చేతిలో పెడితే, రాత్రికి బొంబాయి నుంచి ముందు ఓపెన్ అంకె, తర్వాత క్లోజ్ అంకె దిగేవి. ఏ నంబరు కట్టాలో చెప్పే పండితులు వేరే ఉండేవాళ్లు. కలలో పాము వస్తే ఒక నంబరు, పోయిన తాత వస్తే ఇంకో నంబరు. తగలకపోతే తప్పు తాతది, పండితుడిది కాదు.

ఆ ఆట ఎప్పుడో బందైందనుకున్నాను, మా మేనల్లుడు ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్లు ముందేసుకుని కూర్చునేదాకా.

"మామా, సీఎస్ఎం పెట్టాల్నా, సీఎస్‌డీ పెట్టాల్నా?"

సీఎస్ఎం అంటే సీఎస్ఈ, బ్రాకెట్‌లో ఏఐ ఎంఎల్. సీఎస్‌డీ అంటే అదే సీఎస్ఈ, బ్రాకెట్‌లో డేటా సైన్స్. జేఎన్‌టీయూహెచ్ హాల్‌టికెట్లో వీటికి రెండంకెల గుర్తులు కూడా ఉన్నాయి. ఉత్త సీఎస్ఈకి 05, ఏఐ ఎంఎల్‌కి 66, డేటా సైన్స్‌కి 67. బ్రాకెట్టూ ఉంది, రెండంకెలూ ఉన్నాయి. ఇక చీటీ రాసేవాడే తక్కువ అనుకుంటే, వాడూ నెట్ సెంటర్‌లో దొరికాడు.

పండితులకా కొదవ? డాలస్ నుంచి వాడి బాబాయి వాట్సాప్‌లో దిగాడు. "డేటా సైన్స్ పని అయిపోయిందిరా, ఇప్పుడంతా ఏఐ" అని తేల్చేశాడు. ఈయన చదివింది మెకానికల్. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర మూడు నెలలు టెస్టింగ్ నేర్చుకుని విమానం ఎక్కాడు. ఆ నాలుగేళ్లలో చదివిన థర్మోడైనమిక్స్ ఆయనకు ఏ మాత్రం అడ్డు రాలేదు. కింది మెడికల్ షాపాయన మాత్రం రెండూ వద్దన్నాడు. "సైబర్ సెక్యూరిటీ పెట్టియ్యండి సార్. మొన్న నా అకౌంట్‌ల 40 వేలు పోయినయ్." పాము కలలోకి వస్తే ఫలానా నంబరు అన్నట్టే ఇదీ. కాలేజీ పీఆర్వో అన్నిటికంటే గట్టివాడు. మేనేజ్‌మెంట్ కోటాలో 66వి రెండే మిగిలాయనీ, సాయంత్రానికి అవీ ఉండవనీ పొద్దున చెప్పాడు. మర్నాడు పొద్దునా రెండే మిగిలాయి.

నాకు అనుమానం వచ్చి రెండు సిలబస్‌లూ ప్రింట్ తీసి పక్కపక్కన పరిచాను. మొదటి ఏడాది లెక్కలు, కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగ్ ఇద్దరికీ ఒకటే. తర్వాత డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ కూడా ఇద్దరూ చదవాల్సిందే. ఆ పైన డేటా సైన్స్ వాడు మెషీన్ లెర్నింగ్ చదవక తప్పదు, మెషీన్ లెర్నింగ్ వాడికి డేటా లేనిదే పొద్దు గడవదు. ఒకే పిండితో రెండు పెనాల మీద దోసెలు పోసి, ఏ దోసెకు భవిష్యత్తు ఉందో తేల్చుకోమని పద్దెనిమిదేళ్ల పిల్లాడికి రాత్రి నిద్ర లేకుండా చేస్తున్నాం.

ఈ నంబర్లు మారడం నేను చూస్తూనే ఉన్నాను. వైటూకే అన్నారు, కోబాల్ నేర్చుకున్నారు. 2000వ సంవత్సరం వచ్చింది, వెళ్లింది. జీనోమ్ వ్యాలీ అన్నారు, సందుసందునా బయోటెక్నాలజీ బోర్డు లేచింది. మా కాలనీలో అది చదివిన అమ్మాయి బ్యాంకు పరీక్ష రాసి క్యాష్ కౌంటర్‌లో స్థిరపడింది.

కాలేజీ చూద్దామని ఇద్దరం వెళ్లాం. రెండు బ్రాంచీలకు ఇద్దరు హెచ్ఓడీలు, రెండు బోర్డులు, ఒకే ల్యాబ్. దాని గుమ్మం మీద 'సెంటర్ ఫర్ ఏఐ' అని నీలం రంగు ఫ్లెక్సీ. ఒక మూల మేకు ఊడి ఫ్లెక్సీ మడత పడితే, వెనక పాత పెయింటు కనబడింది: సర్వేయింగ్ ల్యాబ్. లోపల కిటికీ పక్కన థియోడలైట్ స్టాండు మూడు కాళ్ల మీద నిలబడే ఉంది. దాని మీద ఆయమ్మ తుడుపు గుడ్డ ఆరేసింది.

2024-25 నుంచి ఏఐసీటీఈ ఒక్కో బ్రాంచిలో ఇన్ని సీట్లే అన్న హద్దు ఎత్తేసింది. సివిల్, మెకానికల్ సీట్లు సరెండర్ చేసి వాటిని కంప్యూటర్ సీట్లుగా మార్చుకోవాలన్న మోజు అంతకుముందే ఉంది, ఇప్పుడు పట్టపగ్గాల్లేవు. ప్రిన్సిపాల్ గదిలో మాత్రం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు తలపాగాతో గోడ మీద ఉన్నారు. సెప్టెంబర్ 15న ఇంజినీర్స్ డేకి ఆయనకు దండ వేసి, వచ్చిన ముఖ్య అతిథి చేత ఏఐ గురించి గంటసేపు మాట్లాడిస్తారట. 1908లో మూసీ పొంగి హైదరాబాద్ తుడిచిపెట్టుకుపోయినప్పుడు నిజాం సర్కారు పిలిపించింది ఈయన్నే. ఊరికి పైన రెండు జలాశయాలు కట్టండని చెప్పిందీ ఈయనే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అవే. ఇవాళ బతికొస్తే ఆయన చదివిన బ్రాంచి ఆ కాలేజీలో దొరకదు. స్పాట్ అడ్మిషన్‌లో 67 ఇస్తారేమో.

తిరిగొస్తుంటే బండి వెనక కూర్చున్న మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు. భద్రకాళి చెరువు కట్ట దగ్గరికి వచ్చాక అడిగాడు.

"మామా, 2023ల వానలకు మనింట్లకు నీళ్లెందుకొచ్చినయో ఏ బ్రాంచిల చెప్తరు?"

అంతవరకూ వాడు అడిగిన వాటిలో ఇదొక్కటే అసలైన ప్రశ్న. చీటీ రాసేవాడి దగ్గర దీనికి నంబరు లేదు. ఇన్నాళ్లుగా పండితుల్ని ఎగతాళి చేస్తున్న నేను ఏమన్నానో చెప్పనా? గొంతు సవరించుకుని, "సివిల్‌లో చెప్తరు గానీ, దానికి స్కోప్ లేదురా" అన్నాను. వాడు మళ్లీ మాట్లాడలేదు.

ఆ రాత్రి ఫ్రీజ్ చేయడానికి రెండు గంటలే టైముంది. మా అక్క విసుగొచ్చి రెండు కాగితాల మీద రెండు పేర్లు రాసి మడిచి, యాదగిరిగుట్ట నరసింహస్వామి పటం ముందు వేసింది. పక్కింటి చిన్నపిల్ల చేత ఒకటి తీయించింది. డేటా సైన్స్. డాలస్‌కి చెబితే, "పర్లేదు, అది కూడా మంచిదే" అన్నాడు.

67కి ఓపెన్ తగిలింది. క్లోజ్ నాలుగేళ్లకు వస్తుంది.