మూడడుగులు

బలిచక్రవర్తి వామనుడికి మూడడుగుల నేల ధారపోసి పాతాళానికి వెళ్ళాడు. నేను మూడడుగుల రెక్క ఉండాలా వద్దా అని తేల్చుకోలేక మూడేళ్ళు మా గరాజులోనే ఉండిపోయాను.

ఇంట్లో విమానం కట్టుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. మేముండే డాలస్ శివారులో అదేమంత వింత కాదు. అమెరికా చట్టం కూడా అడ్డుపడదు. పనిలో సగానికి పైగా, అంటే వాళ్ళ లెక్కలో 51 శాతం, అమెచ్యూర్లే చేయాలి, అదీ చదువు కోసమో సరదా కోసమో చేయాలి, అంతే. "మీ చదువు ఎప్పుడో అయిపోయింది కదా?" అంది మా ఆవిడ. సరదా సంగతి ఎత్తనే లేదు.

ఆరెగాన్‌లోని అరోరా అనే ఊళ్ళో వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అని ఒక కంపెనీ ఉంది. రేకులు, రివెట్లు పెట్టెల్లో పెట్టి పంపుతారు, చెమట మనది. అలా గరాజుల్లో పుట్టి గాల్లోకి లేచినవి పదకొండు వేలు దాటాయి. అంతమందికి చేతనైంది నాకు చేతకాదా, నాకు మాత్రం చేతుల్లేవా అనుకున్నాను. చేతులైతే ఉన్నాయి. వాటితో నేను హాల్లో ఫ్యాను బిగించిన రోజు నుంచి మా ఇంట్లో ఎవరూ ఆ ఫ్యాను కింద కూర్చోరు.

కంపెనీ ఒకటే కానీ మోడళ్ళు బోలెడు. నేను ఇరుక్కున్నది ఆర్‌వీ-7కీ ఆర్‌వీ-9కీ మధ్య. రెంటిలోనూ ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు, ఒళ్ళు దాదాపు ఒకటే. పక్కపక్కన నిలబెడితే కన్నతల్లి కూడా తడుముకుంటుంది. ఏడుకి రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకి 25 అడుగులు, తొమ్మిదికి 28. ఆ మూడడుగుల్లోనే ఉంది తిరకాసంతా. తొమ్మిది నెమ్మదిగా దిగుతుంది. నిండు బరువుతో గంటకు 50 మైళ్ళ దాకా వేగం తగ్గించినా గాల్లో నిలబడుతుంది, ఏడు 58 దగ్గరే చేతులెత్తేస్తుంది. కానీ ఏడుకి రెండొందల హార్స్‌పవర్ ఇంజను పెట్టుకోవచ్చు, గాల్లో పల్టీలు కొట్టించవచ్చు. తొమ్మిదికి నూట అరవై దాటకూడదు, పల్టీలు అసలే కూడదు. బుద్ధిమంతుల విమానం.

ఎక్సెల్ షీటు వేశాను. మొదట పన్నెండు వరసలు, సంక్రాంతికి నలభై ఒకటి. ఒక్కొక్క గుణానికి ఇన్ని మార్కులని పెట్టాను. ఏడు గెలవాలని నాకున్న రోజు ఏడే గెలిచేది. తొమ్మిది గెలిచిన రోజు మార్కులు దిద్దేవాణ్ణి. మధ్యలో ఆర్‌వీ-14 అని మూడోది తగిలింది. లోపల ఇంకాస్త విశాలం, రెక్క 27 అడుగులు. దాంతో మరో ఐదు నెలలు హరించుకుపోయాయి.

నిజం చెప్పాలంటే ఏడు మీద నా మోజుకి కారణం బేగంపేట. అప్పట్లో హైదరాబాదు ఎయిర్‌పోర్టు ఊరి మధ్యలో అక్కడే ఉండేది. సైకిలు స్టాండు వేసి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసేవాణ్ణి. అప్పటి నుంచి నా కలల్లో నేను తలకిందులుగానే ఎగురుతున్నాను, మెడలో తెల్ల స్కార్ఫు కూడా ఉంటుంది. మెలకువలో నా అనుభవం నూట పన్నెండు గంటలు. అదంతా అద్దె సెస్నాలో, తల పైకే పెట్టుకుని.

"నుమాయిష్‌లో జెయింట్ వీల్ ఎక్కి ఏం చేశారో గుర్తుందా?" అంది మా ఆవిడ. పెళ్ళైన కొత్తలో మాట. అది చక్రం తప్పు కాదు, అంతకుముందు తిన్న మిర్చిబజ్జీల తప్పని పదిహేనేళ్ళుగా వాదిస్తున్నాను.

వాదన తేలిపోవాలని, ఆర్‌వీ-7 ఉన్న ఒక పెద్దాయన్ని బతిమాలుకుని ఆయన పక్క సీట్లో ఎక్కాను. ఆయన స్టిక్కు ఓ పక్కకి వంచాడు. నేల మెల్లగా లేచి నెత్తి మీదికి వచ్చి, మర్యాదగా మళ్ళీ కిందికి వెళ్ళింది. అద్భుతం! ఇంకోటి వేయమన్నాను. ఆ రెండోది అడగకుండా ఉండాల్సింది. పొద్దున తిన్న పెసరట్టు కూడా పల్టీ కొట్టింది. పెద్దాయన ఇలాంటివి చాలా చూసినట్టున్నాడు, మాట్లాడకుండా సంచీ అందించాడు. అందులో కొంతే పడింది.

ఇంటికొచ్చి "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను.

"వెళ్ళేటప్పుడు నీలం చొక్కా కదా?" అంది మా ఆవిడ.

ఆ వేసవిలోనే అత్తయ్యగారు, మామయ్యగారు వచ్చారు. అత్తయ్యగారు విషయం విని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఏడు తీసుకోండి బాబూ, ఏడుకొండలవాడి అంకె." మర్నాడు పూజ అయ్యాక గరాజులోకి వచ్చి, "తొమ్మిది కూడా మంచిదే, నవగ్రహాలు" అన్నారు. ఇంట్లో నాలాంటి వాళ్ళు ఇంకొకరు దొరికారని సంతోషించాను.

మామయ్యగారిది వేరే లోకం. ఆర్టీసీ వర్క్‌షాపులో బస్సు బాడీలు కట్టి రిటైరైన మనిషి. నా నలభై ఒక్క వరసలూ ఓపిగ్గా చూసి అడిగారు: "రివెట్లు ఎన్ని?"

"రెంటికీ వేలల్లోనే."

"మీరు ఎన్ని కొట్టారు?"

సాధన కోసం తెప్పించుకున్న చిన్న కిట్టు చూపించాను. రివెట్టు మీంచి గన్ను జారితే రేకు మీద చిన్న నెలవంక పడుతుంది. నాది రంజాన్ ఆకాశంలా ఉంది. మామయ్యగారు కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు, బొటనవేలుతో వరసంతా తడిమి, "ఇది వంగింది, ఇది పగిలింది, ఇది పర్లేదు" అంటూ పోయారు. పర్లేదన్నవి నాలుగు. "డాలీ ఎవరు పట్టారు?" అన్నారు. రివెట్టు తోకకి అవతలి వైపు నుంచి ఆనించే ఇనుప దిమ్మను వాళ్ళు డాలీ అంటారు. నేనే, ఒంటి చేత్తో, అన్నాను. "గన్ను ఎవడైనా కొడతాడు బాబూ. డాలీ పట్టేవాడే మేస్త్రీ" అని కూతుర్ని కేకేశారు.

ఆ తర్వాత చట్టం సంగతులు అడిగితే అవీ చెప్పాను. తలుపు దగ్గర రెండంగుళాలకు తగ్గని అక్షరాలతో 'ఎక్స్‌పెరిమెంటల్' అని రాయాలి. పరీక్షల గంటలు, మామూలుగా నలభై, పూర్తయ్యేదాకా ప్రయాణికుల్ని ఎక్కించకూడదు. మామయ్యగారు కాసేపు మౌనంగా ఉన్నారు. "మా బస్సుల మీద ఫుట్‌బోర్డు ప్రయాణం ప్రమాదకరమని రాసేవాళ్ళం. మీది లోపల కూర్చున్నా ప్రమాదమేనా?"

మా ఆవిడ మాత్రం ఆ నలభై గంటల నిబంధన పెట్టిన వాళ్ళు బుద్ధిమంతులంది.

చివరికి తొమ్మిదే ఖాయం చేశాను. చేసిందెవరని అడగొద్దు. కానీ తొమ్మిదిలో మళ్ళీ రెండు రకాలు: చిన్న చక్రం తోక కింద ఉంటే ఉత్త 9, ముక్కు కింద ఉంటే 9ఏ. తోక చక్రంది చూడ్డానికి ఠీవిగా ఉంటుంది, నేల మీద మాత్రం మొండి మేకలా పక్కకి లాగుతుంది. ఇంకో షీటు తెరిచాను. రెండు నెలల నిద్ర చెడగొట్టుకున్నాక ఒక సంగతి తెలిసింది. మొదట వచ్చేది తోక కిట్టు, ఆ కిట్టు రెంటికీ ఒకటే. చక్రం ఎక్కడన్నది శరీరం కట్టేటప్పుడు తేల్చుకుంటే చాలు. ఈ మాట కేటలాగులో మొదటి నుంచీ ఉందట. ఈ సంగతి మా ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.

పెట్టె వచ్చింది. సోనామసూరి బస్తాలు వంటింట్లోకి, గోంగూర ఫ్రీజరు మెట్ల కిందికి, కార్లు రోడ్డు మీదికి వెళ్ళాయి. మొన్న శనివారం తోక అడ్డపలక బల్ల మీద పడుకుని ఉంది. రేకులు కదలకుండా ప్రతి కన్నానికీ ఒక వెండిరంగు క్లీకో గుచ్చితే అచ్చం ముళ్ళపందిలా తయారైంది. ఒక్కొక్క క్లీకో పీకడం, కన్నంలో రివెట్టు పెట్టడం, ఇటు నుంచి నేను గన్ను, అటు నుంచి మా ఆవిడ డాలీ. ఆవిడ చెయ్యి సన్నం, పక్కటెముకల మధ్యకి మోచేతి దాకా వెళ్తుంది. కాడ మందానికి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు ఉండేలా తోక నలగాలి. ఆవిడ వైపు అన్నీ కజ్జికాయ అంచులంత తీరుగా నలుగుతున్నాయి. నా వైపు అప్పుడప్పుడూ ఒక నెలవంక.

ముప్పయ్యో రివెట్టు దగ్గర, రేకు వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఇంతకీ ఇది ఏడా, తొమ్మిదా?"

"తొమ్మిది."

"ఏడుకీ దీనికీ తేడా ఏమిటి?"

మూడేళ్ళుగా ఎవరూ అడగని ప్రశ్న. గన్ను పక్కన పెట్టాను, చెవుల్లోంచి దూది తీశాను, గొంతు సవరించుకున్నాను. "అసలు రెక్క దగ్గర మొదలుపెడితే..."

"డాలీ పెట్టాను," అందావిడ, "కొట్టండి."